శాతాలు కాదు, కోత పడ్డ ఇళ్ళ లెక్క తీయండి: అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఇక్కడి కబుర్లు రోజూ చెబుతున్న తెలుగు పత్రికలు, ఛానళ్ళ సంపాదకులకు,

విషయం: 2025లో ట్రంప్ వచ్చాక మొదలైన ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ ఖర్చుల కోత వల్ల మనవాళ్ళకు జరిగిన నష్టం, మీ నుంచి కావలసిన పని గురించి.

నమస్కారం.

మన పిల్లాడెవరైనా రోడ్డు ప్రమాదంలో పోతే రాత్రికి రాత్రి చందాలు పోగుచేసి, కాగితాలు పూర్తి చేయించి, పెట్టెను శంషాబాద్ దాకా చేర్చే పని మీరు ఏళ్ళ తరబడి చేస్తున్నారు. ఆ విషయంలో ఈ దేశంలోని ప్రతి తెలుగు కుటుంబమూ మీకు రుణపడి ఉంది. ఆ గౌరవం మనసులో ఉంచుకునే ఇది రాస్తున్నాను. 2025 జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి మీలో కొందరికి విడిగా మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. ఇక అందరి ముందూ అడగక తప్పలేదు.

మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మేరీలాండ్‌కి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. పౌరసత్వం ఉంది, ఓటు ఉంది, ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. పదకొండేళ్ళపాటు ఒక ఫెడరల్ కార్యాలయానికి కాంట్రాక్టు కంపెనీ తరఫున కంప్యూటర్ పని చేశాను. 2025 ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఉదయం కాఫీ పక్కన పెట్టుకుని లాగిన్ అవుదామంటే కాలేదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమోనని మూడుసార్లు కొట్టాను. పది గంటలకు మేనేజర్ ఫోన్ చేసి, మన కాంట్రాక్టు రద్దయింది, ఇవాళే ఆఖరు రోజు అన్నాడు. ఆయన గొంతు వణుకుతోంది. ఆయనదీ అదే రోజు పోయింది. వారం తర్వాత ఇంటికి ఖాళీ అట్టపెట్టె వచ్చింది. లాప్‌టాప్, ఛార్జరు, బ్యాడ్జి అందులో సర్ది వెనక్కి పంపాలి. మా అమ్మాయి బ్యాడ్జికున్న నీలం తాడు విప్పి, ఇది నేను ఉంచుకుంటాను నాన్నా అంది. అది ఇప్పటికీ దాని గదిలో తలుపు గడియకు వేలాడుతోంది.

నాకు ఎనిమిది నెలల తర్వాత వేరే ఉద్యోగం దొరికింది, తక్కువ జీతానికి. కాబట్టి ఇది నాకోసం అడుగుతున్నది కాదు. ఆ ఎనిమిది నెలల్లో గుడి దగ్గర, దుకాణాల దగ్గర, పెళ్ళిళ్ళలో మనవాళ్ళతో మాట్లాడినప్పుడల్లా నాకు వినిపించిన ఒక్క మాట గురించి అడుగుతున్నాను. ఆ మాట పేరు శాతం, అంటే అధ్యక్షుడు ట్రంప్ పనితీరును వందలో ఎందరు మెచ్చుతున్నారని సర్వేలు చెప్పే అంకె.

మన పెద్దల్లో ఒకరికి ఈ కోతల సంగతి చెబితే, "శాతం పడిపోతోంది కదండీ, వాళ్ళే దిగొస్తారు, మనం కల్పించుకోవడం దేనికి" అన్నారు. అదే పందిట్లో ఇంకో పెద్దాయన, "వాళ్ళ పార్టీవాళ్ళలో పదిమందికి తొమ్మిది మంది ఆయన వెంటే ఉన్నారు. దేశం మెచ్చిన పనికి మనం అడ్డం చెబుతామా" అన్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే సర్వే. ఒకరు దాన్ని చూపించి ఊరుకోమన్నారు, ఇంకొకరూ దాన్నే చూపించి ఊరుకోమన్నారు.

కాబట్టి ముందు ఆ శాతం ఏమిటో చూద్దాం. గాలప్ సంస్థ 1930ల చివరి నుంచీ దాదాపు ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చింది: అధ్యక్షుడు తన పని చేస్తున్న తీరును మీరు సమర్థిస్తున్నారా, లేదా? ట్రూమన్‌కు 1952లో 22 శాతం వచ్చింది. చిన్న బుష్‌కు 2001 సెప్టెంబరులో 90 శాతం దాకా వెళ్ళి, 2008 అక్టోబరుకి 25కి జారింది. ట్రంప్ రెండోసారి వచ్చినప్పుడు, 2025 జనవరిలో, 47 శాతంతో మొదలైంది. జులైకి 37 అయింది. అందులోనే ఆయన పార్టీవాళ్ళలో వందకు 89 మంది సై అంటే, ఏ పార్టీకీ చెందని వాళ్ళలో 29 మందే సై అన్నారు, డెమొక్రాట్లలో ఇద్దరు. ఈ అంకెలు నిజమే. కానీ ఆ ప్రశ్న మనిషి గురించి. నారాయణగూడలో మూతపడ్డ క్లినిక్ గురించీ, బాల్టిమోర్‌లో ఆగిపోయిన పరిశోధన గురించీ, కిరాణా కొట్టు నడిపే అమ్మ కడుతున్న ఇన్సూరెన్స్ గురించీ అందులో ఒక్క మాట లేదు. పైగా అలాంటి సర్వేకు సుమారు వెయ్యిమందిని అడుగుతారు, అటూ ఇటూ నాలుగు శాతం తేడా ఉంటుందని వాళ్ళే చెబుతారు. 34 కోట్ల జనాభాలో భారత సంతతి వాళ్ళం 50 లక్షల పైచిలుకు. లెక్కకట్టి చూడండి, వెయ్యిమందిలో మనవాళ్ళు పదిహేను మంది తగులుతారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరు? మన గోడు ఆ అంకెలోకి ఎక్కే దారి లేదు. ఎవరో ఒకరు విడిగా చెబితేనే తెలియాలి. ఆ ఎవరో మీరే కావాలని నేను అంటున్నాను.

కోతల మీద సర్వేలూ అంతే. 2023లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, నార్క్ అనే సర్వే కేంద్రం కలిసి అడిగితే, ప్రభుత్వం మొత్తం మీద ఖర్చు ఎక్కువ పెడుతోందని వందలో 60 మంది చెప్పారు. మళ్ళీ విడివిడిగా అడిగితే చదువు మీద, వైద్యం మీద, సోషల్ సెక్యూరిటీ అనే వృద్ధాప్య పింఛను మీద చేస్తున్న ఖర్చు చాలదని 60 మందికి పైగానే చెప్పారు. విదేశీ సాయం బడ్జెట్‌లో ఎంత ఉంటుందని అడిగితే జనం సగటున చెప్పే అంకె 26 శాతం. ఉన్నది ఒక శాతం చుట్టుపక్కల. జనాన్ని తప్పుపట్టను. లెక్క వాళ్ళకెవరూ విడమరచి చెప్పలేదు.

ఇక్కడ సంపాదకులకు ఒక మాట. 2025 ఫిబ్రవరిలో, భారతదేశంలో ఓటింగ్ పెంచడానికి కేటాయించిన 2.1 కోట్ల డాలర్లు రద్దు చేశామని కోతల కోసం ట్రంప్ పెట్టిన, ఎలాన్ మస్క్ నడిపిన డోజ్ విభాగం ప్రకటించింది. వారం రోజులు మన స్టూడియోలన్నీ దాని మీదే ఊగిపోయాయి. ఆ డబ్బు ఎవరు తిన్నారని రెండు పార్టీలూ ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఆ పద్దు భారత్‌కు కాదు, బంగ్లాదేశ్‌కు సంబంధించినదని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కాగితాలు చూసి రాసింది. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టయింది. అదే నెలలో హైదరాబాద్‌లో నిజంగా ఆగిపోయిన అమెరికా డబ్బు గురించి ఎన్ని చర్చలు పెట్టారో మీ రికార్డులే మీరు తిరగేసి చూసుకోండి.

కోత వద్దని నేను అనడం లేదు. ఈ దేశం అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్క వడ్డీకే సుమారు 88 వేల కోట్లు పోయింది, అది రక్షణ ఖర్చు కంటే ఎక్కువ. ఆ ఏడాది పొరపాటు చెల్లింపులు 16 వేల కోట్ల పైమాటేనని ప్రభుత్వ ఆడిటర్లే రాశారు. వృథా ఉంది. లోపల పదకొండేళ్ళు పనిచేసినవాణ్ణి, నా కళ్ళతో చూశాను. ఒకే పనికి మూడు సాఫ్ట్‌వేర్లు కొన్న సందర్భాలున్నాయి. కానీ ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? 1990లలో క్లింటన్ కాలంలోనూ ఉద్యోగాలు తగ్గించారు. ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ చట్టం చేసింది, వెళ్ళేవాళ్ళకు 25 వేల డాలర్ల దాకా ఇచ్చి, ఏళ్ళ మీద చేశారు. 1998 నుంచి నాలుగేళ్ళు బడ్జెట్‌లో మిగులు కూడా వచ్చింది. ఈసారి పని మొదలైన నాలుగు రోజులకే, 2025 జనవరి 24న, దుబారాను పట్టుకోవడమే ఉద్యోగంగా ఉన్న ఇన్‌స్పెక్టర్ జనరళ్ళను సుమారు 17 మందిని ఒక్క రాత్రిలో తీసేశారు. దొంగతనాలు ఎక్కువయ్యాయని చెబుతూ కాపలావాణ్ణి పంపించేస్తే ఏమనుకోవాలి?

రెండు లక్షల కోట్ల డాలర్లు ఆదా చేస్తామని ఎలాన్ మస్క్ ఎన్నికలప్పుడు అన్నారు. అది ఒక లక్ష కోట్లయింది. ఏప్రిల్ నాటికి 15 వేల కోట్లయింది. మే నెలాఖరుకి ఆయన వెళ్ళిపోయారు. సెప్టెంబరు 30తో ముగిసిన 2025 ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వం పెట్టిన మొత్తం ఖర్చు 7 లక్షల కోట్లు, అంతకుముందు ఏడాది 6.75 లక్షల కోట్లు. ఇంతమందిని ఇళ్ళకు పంపి కూడా ఖర్చు పెరిగింది. ఎందుకంటే పెద్ద పద్దులు సోషల్ సెక్యూరిటీ, వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్, తక్కువ ఆదాయం వాళ్ళ ఆరోగ్య బీమా మెడికెయిడ్, రక్షణ, వడ్డీ. కత్తి పడింది చిన్న పద్దుల మీద, చేతికి సులువుగా అందిన మనుషుల మీద. ఆ జులై 4న సంతకమైన పన్నులు, ఖర్చుల పెద్ద చట్టం పదేళ్ళలో లోటును ఇంకో 3.4 లక్షల కోట్లు పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది.

ఇప్పుడు ఈ కోతలు మనవాళ్ళ ఇళ్ళలో ఏం చేశాయో చెబుతాను.

1. ఉద్యోగాలు. 2025 చివరికి ఫెడరల్ సిబ్బంది సుమారు మూడు లక్షల మంది తగ్గారు. జనవరి 28న వచ్చిన ఒకే ఒక ఈ-మెయిల్‌కు సరేనని మొదట్లోనే 75 వేల మంది రాజీనామా ఇచ్చారు. ఫిబ్రవరిలో కొత్తగా చేరినవాళ్ళను గుంపులుగా తీసేశారు. అందులో అణ్వాయుధాల భద్రత చూసేవాళ్ళు కూడా ఉన్నారని తెలిసి, మర్నాడే వెనక్కి రమ్మని వెతుక్కున్నారు. ఈ మూడు లక్షల్లో నాలాంటి కాంట్రాక్టు వాళ్ళు లేరు. మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. వాషింగ్టన్ చుట్టుపక్కల మేరీలాండ్‌లో, వర్జీనియాలో తెలుగువాళ్ళలో చాలామంది చేసేది ఈ కాంట్రాక్టు పనులే. మాది ఒక్క కాంట్రాక్టు పోతే పద్నాలుగు ఇళ్ళలో జీతం ఆగింది. అందులో ఆరు తెలుగు ఇళ్ళు. ఇద్దరు ఇల్లు అమ్మేశారు. మా టీమ్‌లో ఒకమ్మాయిది హెచ్-1బి. ఉద్యోగం పోయిన రోజునుంచి ఆమెకున్నది 60 రోజుల గడువు. యాభై నాలుగో రోజున ఉద్యోగం దొరికింది. మధ్యలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, చేయి కడుక్కోకుండా గంటసేపు ఫోన్‌లో తేదీలు లెక్కపెట్టుకుంది. వాళ్ళమ్మకు సంగతి చెప్పలేదట. ఊళ్ళో చెల్లెలికి సంబంధం కుదిరే సమయం, అక్క ఉద్యోగం పోయిందంటే అవతలివాళ్ళు ఏమంటారోనని.

ఇలాంటి పిల్లలు ఎంతమందో మీ దగ్గర లెక్క ఉందా? సభ్యత్వ రుసుము లెక్క ప్రతి సంఘం దగ్గరా పైసాతో సహా ఉంటుంది.

2. నారాయణగూడ. అమెరికా విదేశీ సాయాన్ని జనవరి 20నే ఆపేశారు. మార్చి 10న ఆ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్ పథకాల్లో 83 శాతం రద్దు చేశామని విదేశాంగ మంత్రి రూబియో ప్రకటించారు. జులై 1 నాటికి ఆ సంస్థే లేదు. మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో బాల్టిమోర్‌లో ఉన్న జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి 80 కోట్ల డాలర్ల పద్దులు పోయాయి. రెండు వేల రెండొందల పైచిలుకు ఉద్యోగాలు తీసేశారు. అందులో 247 మాత్రమే అమెరికాలోవి, మిగతా 1,975 మంది 44 దేశాల్లో పనిచేసేవాళ్ళు. హాప్కిన్స్ సాయంతో నడిచినదే హైదరాబాద్ నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్. 2021లో మొదలైంది. ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో అలాంటిది అదే మొదటిది. సిబ్బందిలో ఎక్కువమంది ట్రాన్స్‌జెండర్లే. రక్తపరీక్ష, హెచ్ఐవి మందులు, హార్మోన్ల సలహా, మనసు బాగోకపోతే మాట్లాడే మనిషి, అన్నీ ఒకే చోట. పెద్దాసుపత్రి ఓపీ లైన్‌లో నిలబడితే వెకిలి చూపులు భరించలేనివాళ్ళు ధైర్యంగా లోపలికి వెళ్ళే గుమ్మం అది. హైదరాబాద్, పుణె, కల్యాణ్ మూడు చోట్లా కలిపి ఐదు వేల మంది చూపించుకునేవారు. ముందస్తు చెప్పడం లేదు, ఏర్పాటు లేదు, మూసేశారు. కొన్ని నెలలకు వేరే దాతల సాయంతో కొత్త పేరుతో మళ్ళీ తెరిచారు, సంతోషం. కానీ హెచ్ఐవి మందు రోజూ వేసుకోవలసిన మనిషికి "కొన్ని నెలలు" అంటే ఏమిటో ఏ డాక్టరునైనా అడగండి.

హెచ్ఐవి మీద ఈ దేశం చేసిన పని ఏ ఒక్క పార్టీదీ కాదు. పెప్‌ఫార్ పథకాన్ని 2003లో మొదలుపెట్టింది రిపబ్లికన్ బుష్. రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని ఈ దేశ ప్రభుత్వమే గర్వంగా చెప్పుకునేది.

3. చదువుకునే పిల్లలు. 2025 ఫిబ్రవరి 7న వైద్య పరిశోధనకు ప్రభుత్వ నిధులిచ్చే ఎన్ఐహెచ్, తాను ఇచ్చే పరిశోధన నిధుల్లో విశ్వవిద్యాలయాల నిర్వహణ ఖర్చుకు 15 శాతమే ఇస్తామంది. కోర్టు అడ్డుకుంది. అయినా భయానికి కొన్ని చోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గించారు. ఒక వైద్య విశ్వవిద్యాలయం ఇచ్చిన సీట్లనే వెనక్కి తీసుకుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో ఇల్లు తాకట్టు పెట్టి వచ్చిన పిల్లాడికి ల్యాబ్‌లో అసిస్టెంట్‌షిప్ అంటే ఫీజు, అద్దె, తిండి. అది పోతే వాడు చేయగలిగింది క్యాంపస్ బయట దొంగచాటుగా పనిచేయడం, దొరికితే వీసా పోగొట్టుకోవడం. మీ మహాసభల్లో విద్యార్థుల కోసం గంటసేపు సదస్సు పెడతారు. ఈ మాట అక్కడ ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

4. వైద్యం. జులై చట్టం వల్ల 2034 నాటికి ఇంకో కోటి మంది ఇన్సూరెన్స్ లేనివాళ్ళవుతారని అంచనా. 2027 నుంచి మెడికెయిడ్ కావాలంటే పనిచేసే వయసులో ఉన్న చాలామంది నెలకు 80 గంటలు పనిచేస్తున్నట్టు కాగితాలు చూపించాలి. పని చేసేవాళ్ళు కూడా ఆ కాగితం సమయానికి పెట్టకపోతే పేరు కొట్టేస్తారు. మనలో అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే అన్నట్టు మాట్లాడుకుంటాం. గ్యాస్ స్టేషన్లలో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు, ఇడ్లీ పిండి రుబ్బి ఇళ్ళకు ఇచ్చేవాళ్ళు, క్యాటరింగ్ నడిపేవాళ్ళు, ఊబర్ తోలేవాళ్ళు వేల మంది ఉన్నారు. వాళ్ళకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు. ఒబామాకేర్ అనే చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ఇన్సూరెన్స్ మార్కెట్‌లో కొనుక్కోవాలి. అందులో 2021 నుంచి ఇస్తున్న అదనపు సబ్సిడీ 2025 డిసెంబరు 31తో అయిపోయింది. సబ్సిడీ అందుకునే మనిషి ఏడాదికి సగటున 888 డాలర్లు కట్టేది 1,904 అవుతుందని కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క వేసింది. మా ఊళ్ళో ఇండియన్ కొట్టు నడిపే అక్క తన ఇన్సూరెన్స్ ఉత్తరం కౌంటర్ మీద పెట్టి, "బాబూ, ఇందులో ఏ అంకె నిజం, ఇదా, ఇదా?" అని వేలు పెట్టి చూపించింది. రెండూ నిజమే, పైది పాతది, కిందది కొత్తది అని చెప్పాను. చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ జనవరిలో ఇన్సూరెన్స్ మానేసింది. ఆమెకు షుగరు ఉంది.

5. తిండి. ఆ సబ్సిడీల గొడవతోనే అక్టోబరు 1న ప్రభుత్వం మూతపడింది. 43 రోజులు, అప్పటికి ఈ దేశ చరిత్రలోనే పొడుగైన మూత. నవంబరు మొదట్లో 4.2 కోట్ల మందికి తిండి కోసం ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపుల డబ్బు సమయానికి పడలేదు. మా గుడి వంటశాలలో ఆదివారాలు బియ్యం, కందిపప్పు పొట్లాలు కట్టి ఇచ్చాం. ఏ రంగువాళ్ళు వచ్చినా ఇచ్చాం. జీతం రాని విమానాశ్రయ భద్రతా ఉద్యోగిని యూనిఫాంతోనే వచ్చి నిలబడింది. ఆమె వెనక, టోపీ కళ్ళ మీదికి దించుకుని, నాకు తెలిసిన ఒక తెలుగాయన. కిందటి ఏడాది అన్నదానానికి ఆయన ఐదువందల డాలర్లు రాసిచ్చారు. నేను గుర్తుపట్టనట్టే పొట్లం ఇచ్చాను. ఆయనా నన్ను గుర్తుపట్టనట్టే తీసుకున్నారు. మేమిద్దరం అలా ఉండవలసి వచ్చిన సంగతి ఏ సర్వేలో పడుతుందో చెప్పండి.

6. పన్నులు. పన్ను వసూలు చేసే ఐఆర్ఎస్ సిబ్బందిలో నాలుగోవంతు 2025 మధ్యకే తగ్గిపోయారు. రీఫండ్‌లో తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మన ఆడిటర్లే తెల్లమొహం వేస్తున్నారు.

మీలో కొందరు అంటారని తెలుసు: మనది సాంస్కృతిక సంఘం, రాజకీయాలు మనకు వద్దు. అయ్యా, వడ్లూరు ఆడపడుచు ఉష భర్త జేడీ వాన్స్ ఉపాధ్యక్షుడయ్యాడని మనందరం సంబరం చేసుకున్నాం. రెండు పార్టీల అభ్యర్థులకూ మన ఇళ్ళలో విందులిచ్చి చందాలిచ్చాం. బయటికి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను వేస్తారని 2025 మేలో బిల్లు రాగానే మన వాట్సాప్ గ్రూపులన్నీ తెల్లవార్లూ మేలుకున్నాయి. చివరికి అది నగదు, మనీ ఆర్డర్ల లాంటివాటితో పంపేవాటికే పరిమితమై 1 శాతానికి దిగింది. మన జేబు దగ్గరికి వస్తే కదలగలమని అప్పుడు తెలిసింది. పక్కవాడి జేబు చిరిగినప్పుడూ అంతే కదలమని అడుగుతున్నాను. ఇందులో మీరు ట్రంప్‌కు ఓటేశారా, హారిస్‌కు వేశారా అని నేను అడగను. 2024లో భారత సంతతి ఓటర్లలో 61 శాతం హారిస్ వైపు, 32 శాతం ట్రంప్ వైపు అని కార్నెగీ సర్వే చెప్పింది. అంటే మన ప్రతి పందిట్లోనూ ఇద్దరూ ఉన్నారు. ఉద్యోగం పోయినవాళ్ళలోనూ ఇద్దరూ ఉన్నారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఈ దేశ రాజ్యాంగంలో ఖజానా తాళం అధ్యక్షుడి చేతిలో లేదు, కాంగ్రెస్ చేతిలో ఉంది. నిక్సన్ నిధులు ఆపినందుకే 1974లో చట్టం చేసి, కాంగ్రెస్ మంజూరు చేసిన డబ్బును అధ్యక్షుడు తన ఇష్టానికి ఆపకుండా కట్టడి పెట్టారు. అయినా 2025 ఆగస్టులో, ఆర్థిక సంవత్సరం ముగిసేదాకా పట్టి ఉంచితే గడువు దాటి పోతుందన్న ఎత్తుతో 490 కోట్ల డాలర్ల విదేశీ సాయం ఆపారు. సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు దానికి అప్పటికి దారిచ్చింది. కాబట్టి మన ప్రశ్న వైట్‌హౌస్‌కు కాదు, మన జిల్లా ప్రతినిధికి వెయ్యాలి. అప్రూవల్ రేటింగ్ పెరిగితే ఏం, తగ్గితే ఏం, నువ్వు మంజూరు చేసిన డబ్బు మా క్లినిక్‌కు, మా ల్యాబ్‌కు, మా అక్క ఇన్సూరెన్స్‌కు ఎందుకు రాలేదని అతణ్ణి, ఆమెను అడగాలి. ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ ఎన్నిక 2026 నవంబరు 3నే.

అందుకని మా కోరికలు ఇవి.

ఒకటి. ఆగస్టులోగా ప్రతి సంఘం తన ప్రాంతంలోని కాంగ్రెస్ సభ్యుణ్ణి, ఏ పార్టీ అయినా సరే, ఒక సాయంత్రం పిలిచి ప్రశ్నలకు కూర్చోబెట్టాలి. శాలువా, పూలదండ, గ్రూప్ ఫోటో చివరి ఐదు నిమిషాలకు ఉంచండి. ముందు గంటన్నర ప్రశ్నలు. ప్రశ్నలు అడిగేవాళ్ళ పేర్లు ముందే చీటీలు తీసి ఎంచాలి. స్పాన్సర్లకు ముందు వరస వద్దు.

రెండు. కోత వల్ల ఉద్యోగం, సీటు, ఇన్సూరెన్స్ పోగొట్టుకున్న తెలుగువాళ్ళ లెక్క తీయండి. పేర్లు బయటపెట్టకుండా, ఒక చిన్న ఫారం చాలు. ఆ లెక్కను మీరు పిలిచిన ప్రతినిధి చేతిలో పెట్టండి. సర్వేలో మనం పదిహేను మందిమి. మీ ఫారంలో పదిహేను వేల మందిమి కాగలం.

మూడు. హెచ్-1బి మీద ఉండి ఉద్యోగం పోయినవాళ్ళకు మొదటి వారంలోనే లాయరుతో ఒకసారి మాట్లాడే ఏర్పాటు సంఘం ఖర్చుతో చేయండి. మహాసభలో ఒక్క సినిమా తార విమానం టిక్కెట్టు, హోటల్ ఖర్చు మిగిల్చినా ఇలాంటివి చాలా చేయవచ్చు. ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా వెనక్కి తీసుకోను.

నాలుగు. మెడికెయిడ్ కొత్త షరతులు, 80 గంటల కాగితం, మార్కెట్ ఇన్సూరెన్స్ గడువులు, వీటిని ఒక పేజీ తెలుగులో అచ్చువేసి ప్రతి ఇండియన్ కొట్టు కౌంటర్ దగ్గరా, గుడి నోటీసు బోర్డు మీదా పెట్టండి. రాయడానికి నేను సిద్ధం. తప్పులు దిద్దడానికి ఒక లాయరు, ఒక నర్సు నాతో ఇప్పటికే ఒప్పుకున్నారు.

ఐదు. సంపాదకులకు: అధ్యక్షుడి రేటింగ్ వేసేటప్పుడు అడిగిన ప్రశ్న, అడిగిన మనుషుల సంఖ్య, తేడా శాతం అదే వార్తలో వెయ్యండి. "పడిపోయిన గ్రాఫ్", "దూసుకుపోతున్న గ్రాఫ్" అని వేసే ప్రతి వార్తకూ ఒకటి, కోత పడ్డ ఒక ఇల్లో, ఆసుపత్రో, ల్యాబో వెళ్ళి చూసి రాయండి. నారాయణగూడ మీ ఆఫీసులకు దూరమేం కాదు.

మేరీలాండ్ సంఘానికి ప్రత్యేకంగా: మొదటి సభకు హాలు అద్దె నేను కడతాను. కుర్చీలు వేయడానికి, తీయడానికి మా పాత టీమ్ నుంచి తొమ్మిది మంది వస్తామన్నారు. కొట్టు అక్క టీ, పకోడీ పంపిస్తానంది. శనివారాలు నాలుగు, ఆదివారాలు మూడు ఖాళీగా ఉన్నాయని హాలువాళ్ళు చెప్పారు. ఆ తేదీలు మీ కార్యదర్శికి ఈ లేఖతోపాటే పంపాను. ఏ తేదీ కుదురుతుందో ఈ నెలాఖరులోగా చెప్పండి. నెలాఖరుకి జవాబు రాకపోతే మొదటి ఖాళీ శనివారానికి మేమే బుక్ చేసి, మా ప్రతినిధి కార్యాలయానికి ఆహ్వానం పంపుతాం. మీ కుర్చీలు ముందు వరసలోనే ఉంచుతాం.

ఇట్లు,
మేరీలాండ్‌లోని ఒక తెలుగు ఓటరు